స్టెల్లా ఆడ్లరా, ఊటా హేగనా? నటన నేర్చుకునేవాళ్లకి ఎవరి దారి మేలు

నటన నేర్చుకోవాలని ఎవరు అడిగినా, పక్కనుంచి ఎవరో ఒకరు ‘మెథడ్ చదువు’ అనేస్తారు. మెథడ్ అంటే చాలామందికి తెలిసింది ఒక్కటే, సీన్‌లో ఏడవాలంటే మన ఇంట్లో పోయినవాళ్లని తలుచుకోవడం. నేనూ కొన్నాళ్లు ఆ పనే చేశాను. మొదటి మూడు సార్లు కన్నీళ్లు బాగానే వచ్చాయి, నాలుగోసారి చుక్క రాలేదు, పైగా పోయిన మనిషిని వాడేసుకుంటున్నాననే సిగ్గొకటి మిగిలింది. ఆ తర్వాతే స్టెల్లా ఆడ్లర్, ఊటా హేగన్, ఈ ఇద్దరి పుస్తకాలు పట్టుకున్నాను. ఇద్దరూ నటీమణులుగా మొదలై న్యూయార్క్‌లో టీచర్లుగా పేరు తెచ్చుకున్నవాళ్లు. ఇద్దరి పాఠాలకీ మూలం రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీయే, కానీ క్లాసులో నేర్పేది మాత్రం వేరు వేరు.

స్టెల్లా ఆడ్లర్ పుట్టింది 1901లో. అమ్మానాన్నలు సారా, జేకబ్ ఆడ్లర్ ఇద్దరూ యూదుల భాష యిడ్డిష్ నాటకరంగంలో పెద్ద స్టార్లు కాబట్టి నాలుగేళ్లకే స్టేజీ ఎక్కేశారు. 1931లో గ్రూప్ థియేటర్ అనే న్యూయార్క్ నాటక బృందంలో చేరాక, అక్కడి దర్శకుడు లీ స్ట్రాస్‌బర్గ్ స్టానిస్లావ్‌స్కీ పేరు మీద నేర్పే భావ జ్ఞాపకం పద్ధతి, అంటే సొంత గతాన్ని తవ్వుకునే పని, ఆవిడకి ఏమాత్రం పడలేదు. 1934లో పారిస్‌లో ఏకంగా స్టానిస్లావ్‌స్కీనే కలిసి, మీ పద్ధతి వల్ల నాకు నటనంటేనే ఇష్టం పోయింది అన్నట్టుగా మొహమాటం లేకుండా చెప్పారట. ఆయన దగ్గర కొన్ని వారాలు పనిచేసి తిరిగొచ్చి, అసలు కీలకం గతం కాదు, పాత్ర ఉన్న పరిస్థితులు, మన ఊహ అని గ్రూపు అందరికీ చెప్పారు. స్ట్రాస్‌బర్గ్ ఒప్పుకోలేదు, అమెరికా నటనలో ఆ చీలిక ఇప్పటికీ అలాగే ఉంది. హాలీవుడ్‌కి వెళ్లి చేసినవి మూడే సినిమాలు. 1949లో నటన నేర్పే సొంత స్టూడియో పెట్టారు, 1961 తర్వాత మళ్లీ స్టేజీ మీద నటించలేదు.

ఊటా హేగన్ 1919లో జర్మనీలోని గోటింగెన్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చారు. 1943లో న్యూయార్క్ పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో, షేక్‌స్పియర్ నాటకంలో నల్లజాతి గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్ ఒథెల్లోగా వేస్తే ఈవిడ డెస్డిమోనా. తర్వాత, రోబ్సన్‌తో ఉన్న ఆ పరిచయం కూడా ఒక కారణమై, కమ్యూనిస్టులని అనుమానించినవాళ్లకి పని ఇవ్వకుండా పెట్టిన బ్లాక్‌లిస్ట్‌లో పడ్డారు, సినిమా అవకాశాలు పోయాయి, మొదటి సినిమా 1972లో గానీ రాలేదు. దాన్ని నష్టమనాలో, లాభమనాలో నాకు తేలదు, ఎందుకంటే ఆ ఏళ్లన్నీ స్టేజీకి, క్లాసుకి పోయాయి. 1951లో ఒకటి, 1963లో ‘హూ ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ వర్జీనియా వుల్ఫ్’ నాటకంలో మార్తా పాత్రకి ఇంకొకటి, నటనకి రెండు టోనీలు, అంటే బ్రాడ్‌వే నాటకాలకిచ్చే అవార్డులు. హెర్బర్ట్ బెర్గాఫ్ పెట్టిన నటన స్కూలు హెచ్‌బి స్టూడియోలో 1947 నుంచి పాఠాలు చెబుతూనే ఎనభై ఏళ్ల వయసు దాకా నటించారు.

ఇక్కడో చిన్న తమాషా. 1947లో హెరాల్డ్ క్లర్మన్ అనే దర్శకుడు నా అలవాటు ట్రిక్కులన్నీ లాగేసుకుని మళ్లీ మొదటి నుంచి నేర్పాడు అని హేగన్ రాసుకున్నారు. ఆ క్లర్మన్ అప్పట్లో స్టెల్లా ఆడ్లర్ భర్త. అంటే ఇద్దరూ తాగింది ఒకే బావి నీళ్లు!

సరే, తేడా ఎక్కడ? హేగన్ ఇచ్చే వ్యాయామం చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. మీ జీవితంలోంచి రెండు నిమిషాలు తీసుకోండి, ఎవరూ చూడనప్పుడు మీరేం చేస్తారో అదే మళ్లీ చేయండి, అంతే. నేను తాళంచెవి వెతకడం తీసుకున్నాను. మొదటిసారి కంగారు నటించాను, నుదురు చిట్లించి, చేతులు ఊపి, ఛీ, ఎంత చెత్తగా వచ్చిందో. వారం తర్వాత నిజంగానే తాళంచెవి పోయినప్పుడు నన్ను నేను గమనించుకున్నాను. కంగారు కనపడనే లేదు. ఒకే జేబులో మూడుసార్లు చెయ్యి పెట్టాను, ఖాళీ అని తెలిసిన డబ్బా మూత మళ్లీ తీశాను, మధ్యలో ఆగి గోడ వంక చూస్తూ ఉండిపోయాను. అదంతా కాగితం మీద రాసుకుని చేస్తే నాలుగోసారి కూడా పనిచేసింది, పదోసారి కూడా. నేనెవరు, ఎక్కడున్నాను, ఏ సమయం, నాకేం కావాలి, ఏది అడ్డం, దానికోసం ఏం చేస్తాను అంటూ ఆవిడ మొదటి పుస్తకంలో వేసిన తొమ్మిది ప్రశ్నలు ఇలాంటి పనికి సరిగ్గా సరిపోతాయి.

ఆడ్లర్ దారి దీనికి ఎదురు. ఇంట్లో తాళంచెవి వెతుక్కునే నువ్వు ఒక రాణిని ఎలా ఆడతావు, నీ జీవితం అంత ఉందా, అన్నట్టు ఉంటుంది ఆవిడ ధోరణి. ఆ పాత్ర ఏ వర్గం మనిషి, ఏ కాలం, ఏం పనిచేసి బతుకుతాడు, ఆ కాలంలో జనం ఎలా నిలబడేవాళ్లు, ఇవన్నీ చదువుకో, చూడు, ఊహించు. గొంతు, వెన్ను, నడక దగ్గర రాజీ లేదు. ఆవిడ శిష్యుడు, హాలీవుడ్ నటుడు మార్లన్ బ్రాండో గురించి చెప్పుకునే కథ అందరికీ తెలిసిందే. మీరంతా కోళ్లు, మీ మీద బాంబు పడబోతోంది అంటే క్లాసంతా కేకలేస్తూ పరిగెత్తిందట, బ్రాండో ఒక్కడూ నింపాదిగా కూర్చుని గుడ్డు పెడుతున్నాడట, కోడికి బాంబు సంగతి ఏం తెలుసని.

హేగన్‌లో ఇబ్బంది లేదా అంటే ఉంది. ఎదుటి నటుడి బదులు మనకి తెలిసిన మనిషిని మనసులో పెట్టుకోవడం ఆవిడ మొదటి పుస్తకంలో పెద్ద పాఠం. అది సరిగ్గా అర్థం కాకపోతే ఎదురుగా ఉన్న మనిషిని చూడ్డం మానేసి మన లోకంలో మనం ఉంటాం, నాకు అదే జరిగింది, మళ్లీ పాత గోతిలోకే. నటన మీద 1991లో వచ్చిన రెండో పుస్తకం ‘ఎ ఛాలెంజ్ ఫర్ ది యాక్టర్’లో ఆవిడ ఆ మాటనే మార్చారు, కొనేవాళ్లు దాన్నే కొనండి. ఆడ్లర్‌తో ఇబ్బంది వేరు. ఆవిడ బలమంతా క్లాసులో ఎదురుగా నిలబడి చెప్పడంలో ఉంది, పుస్తకంలో చదివితే ఆ వేడి సగమే వస్తుంది. ఒంటరిగా గదిలో కూర్చుని పెద్ద పెద్ద ఊహలు చేస్తే ఎవరు ఆపుతారు, అతి అయిపోతుంది.

నన్నడిగితే, టీచర్ లేకుండా సొంతంగా మొదలుపెట్టేవాళ్లకి హేగనే మేలు, సందేహం లేదు. కెమెరా ముందు చిన్న చిన్న పనులు నిజంగా చేయడం, ఇరవై టేకులు అయినా అదే నిజం నిలబెట్టడం, రెండూ అక్కడే దొరుకుతాయి. పైగా రాత్రి నాటకం ఆడి పగలు పాఠం చెప్పిన మనిషి మాట కాబట్టి ఏది పనిచేస్తుందో, ఏది చేయదో వెంటనే తెలిసిపోతుంది. కానీ ఇప్పటికే సహజంగా చేస్తున్నావు అని పేరొచ్చి, ప్రతి పాత్రా మీలాగే మాట్లాడుతుంటే మాత్రం ఆడ్లర్ దగ్గరికి వెళ్లాల్సిందే. పౌరాణికమో, పాత కాలం కథో చేతికొచ్చినప్పుడు కూడా అంతే. ఇబ్సెన్, స్ట్రిండ్‌బర్గ్, చెకోవ్ నాటకాల మీద ఆవిడ ఇచ్చిన ఉపన్యాసాలు ఒక పుస్తకంగా ఉన్నాయి, స్క్రిప్టు ఎలా చదవాలో అంత పట్టుదలగా చెప్పిన పుస్తకం నేనింకోటి చూడలేదు.

నేను ఇప్పుడు స్క్రిప్టు ఆడ్లర్ లాగా చదివి, రిహార్సల్ హేగన్ లాగా చేస్తున్నాను. ఇద్దరి అభిమానులూ తిట్టుకుంటే తిట్టుకోనీండి. తాళంచెవి వ్యాయామం ఇప్పటికీ వారానికోసారి చేస్తాను, అది ఎక్కడుందో ముందే తెలిసినట్టు చెయ్యి అటే వెళ్లి ఒక్కోసారి మొత్తం చెడగొట్టుకుంటాను కూడా.