ఐదు చలికాలాలు వాడాక చెప్తున్నా: ఎస్‌యూవీకి వింటర్ టైర్లు

కొన్న వారానికే ఐదు స్టార్లు ఇచ్చేసే రివ్యూ కాదిది. ఒకే బండి, ఒకే సెట్టు, ఐదు చలికాలాలు, దగ్గరదగ్గర 36 వేల కిలోమీటర్లు తిప్పి, ఇక వీటి పనైపోయింది అని తేలాక రాస్తున్నా. బ్రాండు పేరు చెప్పను, ఆ మోడల్ ఎలాగూ ఇప్పుడు దొరకట్లేదు, దాని తర్వాతిది వచ్చేసింది. ఐస్‌ని పట్టుకోడానికి రబ్బరులో లోహపు మేకులు దిగ్గొట్టే టైర్లూ ఉంటాయి, ఇవి ఆ మేకుల్లేని రకం, స్టడ్‌లెస్ అంటారు, అది తెలిస్తే చాలు.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకు వింటర్ టైర్లంటే డబ్బులు దండగ అనే ఉండేది. బండి ఆల్ వీల్ డ్రైవ్, నేల నుంచి మంచి ఎత్తులో ఉంటుంది, పాత ఆల్ సీజన్ టైర్ల పక్కన ఎం ప్లస్ ఎస్ అని కూడా రాసుంది, మడ్ అండ్ స్నో అనేగా దానర్థం, ఇంకేం కావాలి అనుకున్నా. మొదటి మంచుకి పక్కన చిన్న కార్లు చక్రాలు గిర్రున తిప్పుకుంటూ అక్కడే ఉండిపోతే నేను ఎత్తు జుయ్యిమని ఎక్కేశా, లోపల కొంచెం గర్వం కూడా. అటువైపు దిగుడు. కింద సిగ్నల్ ఎర్రగా ఉంది, చాలా ముందే బ్రేకు మీద కాలేశా, పాదం కింద ఏబీఎస్, అంటే బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది, టకటకమని కొట్టుకుంటోంది, బండి మాత్రం మనిషి నడిచే వేగంతో, ఏ తొందరా లేకుండా జారుకుంటూ పోతూనే ఉంది, స్టీరింగ్ తిప్పినా మాట వినట్లేదు. చివరికి ముందు చక్రం ఫుట్‌పాత్ అంచుకి గుద్దుకుని ఆగింది. రిమ్ము వంగింది, మనుషులకి ఏం కాలేదు.

అప్పుడు ఎక్కింది బుర్రకి. నాలుగు చక్రాలకీ ఇంజన్ తోపు అందడం బండి కదలడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదు. బ్రేకులు ఏ బండికైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి కదా, అందులో మనకి ఎక్కువ ఏముంది, పైగా ఎస్‌యూవీ బరువు, ఆ బరువంతా ఆపాల్సింది నాలుగు అరచేతులంత రబ్బరు. ఇంకో తంటా ఏంటంటే బండి సులువుగా కదిలేసరికి రోడ్డు ఎంత జారుతోందో మనకి తెలియనే తెలియదు, బ్రేకు వేసేదాకా.

కొనేటప్పుడు చూడాల్సిన గుర్తు ఎం ప్లస్ ఎస్ కాదు. అది గాడుల ఆకారాన్ని బట్టి కంపెనీవాళ్లే వేసుకునేది. మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పలుకు బొమ్మ ఉంటుంది చూడండి, 1999లో వచ్చిన గుర్తు, అది ఉండాలంటే మంచు మీద టెస్టు పాసవ్వాలి. అయినా ఆ టెస్టు ప్రధానంగా తొక్కిన మంచు మీద బండి ఎంత బాగా ముందుకి లాగుతుందో చూసేది, ఐస్ మీద ఎలా ఆగుతుందో చెప్పదు. అందుకే ఆ బొమ్మ ఉన్న ఆల్ వెదర్ టైరూ, అసలు సిసలు వింటర్ టైరూ ఒకటే అనుకోవద్దు.

ఇక్కడ మన భాషతో చిన్న చిక్కు. మనకి అన్నీ మంచే. పొద్దున్నే పొగలా కమ్ముకున్నదీ మంచే, గడ్డి మీద బొట్టూ మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే, గాజులా గడ్డకట్టిందీ మంచే. టైరుకి మాత్రం అవన్నీ వేరు వేరు. దూది మంచులో పెద్ద గాడులు కావాలి, ఎందుకంటే ఆ గాడుల్లో మంచు గట్టిగా కూరుకుని, ఆ మంచే కింద మంచుని పట్టుకుంటుంది, చేత్తో ముద్ద చేస్తే మంచుకి మంచు అంటుకుంటుందే, అదే సంగతి. గడ్డకట్టిన ఐస్ మీద గాడులు పెద్దగా ఏం చెయ్యలేవు, అక్కడ రబ్బరు మెత్తదనం, బ్లేడుతో కోసినట్టుండే సన్నని గీతలు, సైప్స్ అంటారు, అవి పనిచెయ్యాలి. అన్నిటికంటే మోసం సున్నా డిగ్రీల దగ్గర ఉండే ఐస్, పైన కనపడని నీటి పొర ఉంటుంది. మైనస్ 20లో ఐస్ నిజానికి దీనికంటే బాగా పట్టిస్తుంది, నమ్మబుద్ధి కాదు గానీ నిజం.

రబ్బరు తేడా ఎంతుంటుందో నాకు షెడ్డులో తెలిసింది. బయట మైనస్ 10 ఉన్న రోజు పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి బొటనవేలితో నొక్కి చూశా. పాతది ప్లాస్టిక్ బకెట్ అంచులా ఉంది, గోరు దిగలా. కొత్తదాంట్లో గోరు దిగింది, ఒక చిన్న దిమ్మెని పక్కకి నెడితే దాని మీద గీతలన్నీ పుస్తకం పేజీల్లా విచ్చుకున్నాయి. సుమారు 7 డిగ్రీల కంటే కిందకి పోతే మామూలు రబ్బరు బిగుసుకోవడం మొదలవుతుందని అందరూ చెప్తారు, మంచు లేకపోయినా.

సైజు దగ్గర మాత్రం మంచి పని చేశా. బండితో వచ్చినవి 235/55 ఆర్19, వింటర్‌కి 235/65 ఆర్17 తీస్కున్నా, విడిగా స్టీలు రిమ్ములు. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. బయటి కొలత ఇంచుమించు అంతే వస్తుంది కాబట్టి స్పీడోమీటర్ తప్పు చూపించదు, టైరు గోడ పొడుగ్గా ఉంటుంది కాబట్టి మంచు కింద దాక్కున్న గుంటల్లో పడ్డా రిమ్ముకి దెబ్బ తగల్లేదు. కానీ చిన్న రిమ్ము లోపల బ్రేకు పట్టాలి, అన్ని బండ్లకీ కుదరదు, మాన్యువల్ చూస్కోండి, లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె, అది కూడా బండికి చెప్పినదానికంటే తగ్గకూడదు. నాలుగూ మార్చండి. ముందు చక్రాలకి రెండే వేస్తే బండి ముందు భాగం ఆగి వెనక భాగం పక్కకొచ్చేస్తుంది.

మేకుల టైర్లు ఎందుకు వద్దనుకున్నానంటే నేను తిరిగే రోడ్లు ఎక్కువ రోజులు మంచు తీసేసి శుభ్రం చేసే ఉంటాయి, ఖాళీ తారు మీద మేకులు గీకుతూ పోవడం నాకు నచ్చదు, ఆ సౌండూ భరించలేను. జపాన్‌లో ఆ గీకుడుకి లేచే దుమ్ము తట్టుకోలేకే 1990లో చట్టం తెచ్చి కట్టడి చేశారు. రోజూ ఐస్ మీదే తిరిగేవాళ్లయితే, చట్టం ఒప్పుకునే చోటైతే, మేకులే నయం.

ఇక వాడకం. దూది మంచులో అద్దిరిపోయాయి, బంపర్ దాకా ఉన్నా దున్నుకుంటూ పోయింది. ఆ పాత దిగుడే దిగా మళ్లీ, అదే వేగం, ఏబీఎస్ ఒకటి రెండుసార్లు కొట్టుకుంది, సిగ్నల్‌కి ముందే ఆగింది. బురద మంచులో ఓ మాదిరి, స్పీడు పెంచితే తేలినట్టు అవుతుంది. పొడి రోడ్డు మీద మాత్రం మెత్తని చెప్పులేసుకుని పరిగెత్తినట్టు, హైవేలో లేన్ మారితే బండి ఒక్క క్షణం ఆలస్యంగా కదులుతుంది, వానలో బ్రేకు కొంచెం ఎక్కువ దూరం తీస్కుంటుంది, హుమ్ అని ఒకటే మోత. గాలి సంగతి మర్చిపోకండి, ఉష్ణోగ్రత సుమారు 5.5 డిగ్రీలు పడితే టైర్లో గాలి ఒత్తిడి 1 పీఎస్ఐ తగ్గుతుంది, వెచ్చటి గ్యారేజీలో కొట్టించి బయటికొస్తే తక్కువైనట్టే.

అసలు రివ్యూ ఇప్పుడు. మొదటి మూడు చలికాలాలు ఒక్క మాట అనడానికి లేదు. నాలుగోదాంట్లో మంచులో బానే ఉంది గానీ ఐస్ మీద ఏదో తేడా, ఆగే చోటు ఒక కారు పొడుగు ముందుకి జరిగింది. ఐదో ఏడు గాడుల లోతు కొలిస్తే 4.5 మిల్లీమీటర్లు మిగిలాయి, కొత్తప్పుడు 8.5. చాలా చోట్ల చట్టం ప్రకారం 1.6 దాకా నడపొచ్చు, కానీ 4 కిందకి వెళ్తే మంచులో అవి వింటర్ టైర్లు కావు, గుండ్రంగా ఉన్న నల్లటి రబ్బరు అంతే. కొన్ని స్టడ్‌లెస్ మోడళ్లలో ఆ ప్రత్యేకమైన మెత్తటి రబ్బరు పైపొరలోనే ఉంటుంది, అది అరిగాక కింద వేరే రబ్బరు. కొనేముందు ఇది అడగండి, నేను అడగలేదు. ఇంకో తప్పు, మూడో ఏడు బద్ధకించి ఎండలొచ్చాక కూడా రెండు నెలలు వీటి మీదే తిరిగా, వెచ్చటి తారు మీద సబ్బులా అరిగిపోయాయి, ఆ రెండు నెలలకి ఒక చలికాలం పోగొట్టుకున్నాననే అనుకుంటున్నా.

ఈసారి కూడా స్టడ్‌లెస్సే, అవే స్టీలు రిమ్ములు. మొన్న ఒక సెట్టు చూపించారు, ధర బానే ఉంది, టైరు గోడ మీద డాట్ కోడ్ చివర నాలుగంకెలు చూశా, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం, లెక్కేస్తే తయారై మూడేళ్లయింది. ఐదేళ్లు వాడుకుందామనుకునేవాడికి మూడేళ్లు గోడౌన్లో కూర్చున్న టైరెందుకని వద్దన్నా. తాజా స్టాక్ వచ్చే వారం అన్నారు, చూడాలి.