బేగంపేటలో యూరోలు కొన్నాను, మాల్టాలో ఖర్చుపెట్టాను

మా అమ్మాయి మాల్టాలో నర్సు. దసరా అయ్యాక దాని దగ్గరికి వెళ్తూ, యూరోల కోసం బేగంపేటలో ఒక ఫారెక్స్ ఆఫీసుకి వెళ్లాను. పేరు రాయను. మెట్రో స్టేషన్ నుంచి నడిచే దూరమే. ("అక్కడ లీరా కదా?" అన్నారు మావారి స్నేహితుడు. 2008లోనే యూరో వచ్చేసింది స్వామీ!)

ముందు రోజు ఫోన్ చేస్తే యూరో 104.20 అన్నారు. పాతికేళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని, ఊరుకుంటానా? నోట్లు 300, యూరోలు వేసి ఇచ్చే ఫారెక్స్ కార్డులో 500, మొత్తం 83,360 రూపాయలని కాగితం మీద వేసుకున్నాను. తీరా వెళ్తే కౌంటర్లో 105.60. అంటే 1,120 రూపాయల తేడా. "ఫోన్లో చెప్పింది ఇండికేటివ్ రేటు మేడమ్", అంటే సుమారు రేటు, అన్నాడు కౌంటర్లో అబ్బాయి. నా కాగితం వాడి ముందు పెట్టి కూర్చున్నాను. లోపలికి వెళ్లొచ్చి 104.80కి దిగాడు. దాని మీద జీఎస్టీ 151 రూపాయలు. కాబట్టి రేటు అడక్కండి, "అన్నీ కలిపి నా జేబులోంచి ఎంత పోతుంది?" అని అడగండి.

నా తప్పూ ఒకటుంది. మలక్‌పేట నుంచి మెట్రోలో, అమీర్‌పేటలో రైలు మారి, హ్యాండ్‌బ్యాగ్‌లో 85 వేలు చంకన పెట్టుకుని వెళ్లాను. 50 వేలు దాటితే క్యాష్ తీసుకోరట, రిజర్వ్ బ్యాంకు రూలు. మావారి ఖాతా నుంచి వేస్తామంటే అదీ కుదరదు, ప్రయాణం చేసేవాళ్ల ఖాతా నుంచే రావాలన్నారు. అక్కడే కూర్చుని నా ఖాతా నుంచి పంపాను. పాన్ కార్డు, పాస్‌పోర్ట్, వీసా, టికెట్ చూశారు. అరగంటలో కార్డు చేతికొచ్చింది, అది మెచ్చుకోవాలి.

ఆ అబ్బాయి చెప్పిన ఒక్క మాట రేటు తేడాకి సరిపోయింది. మిషన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా?" అని అడిగితే యూరోలే నొక్కమన్నాడు. మాల్టా రాజధాని వలెట్టాలో ఏటీఎం అచ్చం అలాగే అడిగింది. రూపాయలు నొక్కితే ఏటీఎం వాళ్లు తమకి నచ్చిన రేటు వేసుకుంటారు.

అసలు ఇబ్బంది నోట్లతో వచ్చింది. చిన్నవి కావాలని మూడుసార్లు అడిగినా మూడు 100 నోట్లే ఇచ్చాడు. ఆదివారం మార్సాష్లోక్ చేపల సంతలో తేనె సీసా కొని 100 నోటు తీస్తే, అమ్మే ఆవిడ దాన్ని ఎండకు పట్టి చూసి, తల అడ్డంగా ఊపింది. అమ్మాయి చిల్లర తీసిచ్చింది. అక్కడ కాఫీ దగ్గర్నుంచి చాలాచోట్ల కార్డు నడుస్తుంది, కానీ సంతకి పదులూ ఇరవైలే కావాలి.

తిరిగొచ్చి కార్డులో మిగిలినవి అదే ఆఫీసులో అమ్మాను. వాళ్లు మనకి అమ్మే రేటుకీ మన దగ్గర కొనే రేటుకీ మధ్య ఎంత తేడా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఎనిమిది కొనల శిలువ ఉన్న ఒక యూరో నాణేలు నాలుగు మిగిలితే, "నాణేలు మేం తీసుకోం మేడమ్" అన్నాడు. అవిప్పుడు మనవడి కిడ్డీ బ్యాంకులో ఉన్నాయి. ఈ ఆఫీసుకి అయిదుకి మూడిస్తాను, ఆ మూడూ ఆ అబ్బాయికే.