ఆరేళ్ళ స్లర్మ్ వాడకం: క్యూ ఎందుకు కదలట్లేదో అడగడం నేర్చుకున్నాక

"నా జాబు ఎందుకు మొదలవ్వలేదు?" ఆరేళ్ళలో నాకు వచ్చిన మెయిళ్ళలో సగానికి పైగా ఈ ఒక్క ప్రశ్నే. నలభై చిల్లర నోడ్లున్న (అంటే మెషీన్లున్న) క్లస్టర్‌ని స్లర్మ్‌తో నడుపుతున్నాను; యూజర్లు పెట్టిన పనుల్ని, అంటే జాబుల్ని, క్యూలో పెట్టి మెషీన్లకి పంచే సాఫ్ట్‌వేర్ అది. వెబ్ పేజీలు, రంగురంగుల గ్రాఫులు ఏవీ లేవు, పనంతా టెర్మినల్లోనే. అందుకే ఈ సమీక్షలో నేను చూసిందల్లా ఒకటే: ఆ ప్రశ్నకి కమాండ్ లైన్ నుంచి ఎంత త్వరగా, ఎంత నిజాయితీగా జవాబు దొరుకుతుందని.

స్లర్మ్ అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ నేషనల్ లాబొరేటరీలో 2000ల మొదట్లో పుట్టింది. పేరులోని మొదటి అక్షరం అప్పట్లో "సింపుల్" అన్న మాటకి. కాన్ఫిగరేషన్ ఫైలు మొదటిసారి తెరిచిన రోజు ఆ సంగతి గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ముందు నాకు బాగా నచ్చింది చెప్తాను. క్యూని చూపించే ఎస్‌క్యూ కమాండ్ కొడితే ఆగిన ప్రతి జాబు పక్కన బ్రాకెట్లో కారణం ఉంటుంది. "ప్రయారిటీ" అంటే నీకంటే ముందు వేరేవాళ్ళున్నారని. "రిసోర్సెస్" అంటే నీ వంతు వచ్చింది, ఖాళీ కోసమే ఎదురుచూపు అని. "డిపెండెన్సీ నెవర్ శాటిస్‌ఫైడ్" అని ఉంటే ఇక ఆశ వదులుకోవచ్చు. అది ఏ జాబు కోసం ఎదురుచూస్తోందో ఆ జాబు ఫెయిలైంది, మనం తీసేసేదాకా ఇది అలా పడి ఉంటుంది. ఇంత చెప్పిన కమాండే జాబు పేరుని మాత్రం ఎనిమిది అక్షరాలకి కత్తిరించి చూపిస్తుంది. మా యూజర్లందరి జాబులూ "సిమ్యులే" దాకా ఒకేలా కనిపించేవి. కాలమ్స్ వెడల్పు మార్చి నాకంటూ ఒక ఏలియాస్ (కమాండ్‌కి పొట్టి పేరు) పెట్టుకున్నది మొదటి వారంలోనే.

అయితే ఆ కారణం నిజమే చెప్పినా, మొత్తం నిజం చెప్పదు. ఇది నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. పదహారు నోడ్లు అడిగిన ఒక జాబు తొమ్మిది రోజులు "రిసోర్సెస్" అనే చూపిస్తూ కూర్చుంది. దాని తర్వాత వచ్చిన చిన్న జాబులు మాత్రం వరసగా వెళ్ళిపోతున్నాయి. ఆ యూజరు మొదట మర్యాదగా అడిగాడు, తర్వాత మామూలుగా అడిగాడు, తర్వాత మా పైవాళ్ళకి కాపీ పెట్టి అడిగాడు.

స్లర్మ్‌లో బ్యాక్‌ఫిల్ అనే షెడ్యూలింగ్ ఉంటుంది. పెద్ద జాబుకి చోటు కుదిరేలోపు మధ్యలో ఉన్న ఖాళీల్లో చిన్న జాబుల్ని దూర్చుతుంది, కానీ పెద్ద జాబు ఆలస్యం కాకుండా చూసుకుంటుంది. అలా చూసుకోవాలంటే అది ముందుకి కొన్నాళ్ళ పాటు లెక్క వేయాలి. ఆ లెక్క వేసే దూరం మామూలుగా ఒక్క రోజే. మా క్లస్టర్‌లో ఒక జాబుకి ఏడు రోజుల దాకా టైమిస్తాం. అంటే మా పెద్ద జాబు మొదలవ్వాల్సిన సమయం షెడ్యూలర్ చూపుకి అందని చోట ఉంది. దానికి చోటు ఎవరూ పట్టి పెట్టలేదు, చిన్నవి దూరుతూ పోయాయి. మాన్యువల్‌లో ఈ దూరాన్ని అతి పొడవైన జాబు టైముకి తగ్గకుండా పెట్టుకోమని రాసే ఉంది. నేనే చదవలేదు. కాన్ఫిగరేషన్‌లో ఒక్క సంఖ్య మార్చాక మూడో రోజు జాబు మొదలైంది. పైవాళ్ళకి మాత్రం "సెట్టింగ్స్ సరిచేశాం" అని ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నాను.

ఇదే బ్యాక్‌ఫిల్ వల్ల యూజర్లకి ఒక లాభం ఉంది, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు. నిజంగా రెండు గంటలే పట్టే జాబుకి రెండున్నర గంటలు అడిగితే ఖాళీల్లో సులువుగా దూరిపోతుంది. ఎందుకైనా మంచిదని ఏడు రోజులు అడిగితే ఎక్కడా దూరదు. విన్న ఒకాయన టైమ్ ఆప్షన్‌లో 2:00 అని రాశాడు. స్లర్మ్ దాన్ని రెండు గంటలుగా కాదు, రెండు నిమిషాలుగా చదువుతుంది. ఆయన జాబు రెండు నిమిషాలకే పోయింది, మళ్ళీ నా మాట వినలేదు. గంటలు అనుకుంటే 2:00:00 అని రాయాలి. మెమరీ దగ్గరా ఇదే గొడవ, యూనిట్ రాయకపోతే మెగాబైట్లు అనుకుంటుంది.

నోడ్ల విషయానికొస్తే, ఒక మెషీన్ తేడాగా ఉంటే దాన్ని డ్రెయిన్ చేయాలి. అప్పుడు నడుస్తున్న జాబులు పూర్తవుతాయి, కొత్తవి రావు. డౌన్ అని పెడితే నడుస్తున్నవి అక్కడికక్కడే ఆగిపోతాయి. ఒక శుక్రవారం సాయంత్రం తొందరలో నేను రెండోది కొట్టాను. ఇలాంటి మార్పులు చేసే ఎస్‌కంట్రోల్ కమాండ్ "నిజమేనా?" అని అడగలేదు. అది ఎప్పుడూ అడగదు. నాలుగు రోజులుగా నడుస్తున్న జాబులు రెండు పోయాయి.

డ్రెయిన్ చేసినా, డౌన్ పెట్టినా కారణం రాయకపోతే మాత్రం ఒప్పుకోదు. మొదట్లో విసుగొచ్చి "టెస్ట్" అని కొట్టేసేవాడిని. మూడు నెలల తర్వాత నోడ్ల స్థితి చూపించే ఎస్‌ఇన్ఫో ఆ కారణాన్ని, పెట్టిన మనిషి పేరుని, తేదీని కలిపి చూపించినప్పుడు ఆ "టెస్ట్" ఏమిటో నాకే తెలియలేదు. ఇప్పుడు లక్షణం, చూసిన లాగ్, వెండర్‌కి చెప్పామా లేదా అన్నీ రాస్తాను. కొన్నిసార్లు స్లర్మే డ్రెయిన్ చేసి "కిల్ టాస్క్ ఫెయిల్డ్" అని రాసుకుంటుంది. చంపినా చావని ప్రాసెస్ ఉందని దానర్థం. దాని కోసం అది ఎదురుచూసేది మామూలుగా 60 సెకన్లు. మా దగ్గర దాదాపు ప్రతిసారీ దీని వెనక ఉన్నది స్టోరేజీ హ్యాంగ్ అవ్వడమే, కాబట్టి ఆ కారణం కనిపిస్తే నోడ్ వైపు చూడను, ముందు ఫైల్ సర్వర్ చూస్తాను.

నాకు నచ్చనిది అకౌంటింగ్, అంటే ముగిసిన జాబుల రికార్డు. జాబు ముగిసిన ఐదు నిమిషాలకి కంట్రోలర్ (స్లర్మ్ మొత్తాన్ని నడిపే ప్రోగ్రామ్) దాన్ని మర్చిపోతుంది, ఇక ఎస్‌కంట్రోల్‌ని అడిగితే అలాంటి నంబరే చెల్లదంటుంది. అప్పుడు పాత జాబుల రికార్డు చూపించే ఎస్‌యాక్ట్‌ని అడగాలి. అదేమో మొదలు తేదీ చెప్పకపోతే ఇవాళ్టి తేదీ మొదలైనప్పటి నుంచే చూపిస్తుంది. "నిన్న సాయంత్రం నా జాబు పోయింది" అని ఒకరు ఫోన్ చేస్తే కమాండ్ కొట్టి "మీరసలు జాబే పెట్టలేదండీ" అన్నాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మొదలు తేదీ ఇవ్వకుండా ఆ కమాండ్ వాడకండి.

యూజర్లకి పరిమితులు పెట్టే ఎస్‌యాక్ట్ మేనేజర్ మాత్రం మార్పు చేసే ముందు అడుగుతుంది, జవాబుకి 30 సెకన్లే ఇస్తుంది. మధ్యలో ఫోనొచ్చి అటు తిరిగితే మార్పు రద్దు. డౌన్ కొట్టినప్పుడు "నిజమేనా?" అని అడగనిది, ఒకరి కోటా పెంచుతుంటే గడియారం పెట్టి అడగడం ఏమి న్యాయమో!

రద్దు చేసే ఎస్‌క్యాన్సిల్‌తోనూ జాగ్రత్త. జాబ్ ఎర్రేలో (ఒకే నంబరు కింద పెట్టిన జాబుల గుంపులో) ఒక ముక్కని తీయాలంటే నంబరు తర్వాత అండర్‌స్కోర్ పెట్టి ముక్క సంఖ్య ఇవ్వాలి. అది మర్చిపోతే ఎర్రే మొత్తం పోతుంది. నేను పోగొట్టినవి ఎనిమిది వందలు. చిన్న ఐ ఆప్షన్ ఇస్తే ఒక్కో జాబుకీ అడిగి తీస్తుంది, రూట్‌గా (అన్ని హక్కులతో) ఉన్నప్పుడు ఇప్పుడు అది లేకుండా కొట్టను.

మెయింటెనెన్స్ రోజు మాత్రం హాయి. ముందే ఒక రిజర్వేషన్ పెడితే ఆ సమయానికి ముగియని జాబుల్ని స్లర్మ్ మొదలుపెట్టదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. వెర్షన్ మార్చేటప్పుడు డేటాబేస్ డీమన్ (వెనక నడిచే ప్రోగ్రామ్) ముందు, కంట్రోలర్ తర్వాత, నోడ్లు చివర. ఆ వరస తప్పకపోతే పెద్ద టెన్షన్ ఉండదు.

ఎప్పుడైనా కంట్రోలర్ మందగిస్తే ఎస్‌డయాగ్ చూడండి. ఎవరు ఎన్నిసార్లు దాన్ని అడిగారో యూజర్ల వారీగా లెక్క ఇస్తుంది. మా దగ్గర దొరికినాయన నాలుగు టెర్మినళ్ళలో సెకనుకోసారి ఎస్‌క్యూ నడుస్తుండగా సెలవు మీద వెళ్ళిపోయాడు.

మూడు నాలుగు మెషీన్లే ఉంటే ఇంత బరువు ఎత్తుకోవద్దు, క్రాన్ (చెప్పిన టైముకి పనులు నడిపేది), ఒక షేర్డ్ క్యాలెండర్ చాలు. పది దాటి, వాడేవాళ్ళ మధ్య తగవులు మొదలైతే మాత్రం నేను మళ్ళీ స్లర్మే పెడతాను. కారణాల కాలమ్ చదవడం యూజర్లకి కూడా నేర్పాను. మెయిళ్ళు తగ్గలేదు. ఇప్పుడు "నా జాబు ఎందుకు మొదలవ్వలేదు?" అని రావట్లేదు, "అసోక్ గ్రూప్ సీపీయూ లిమిట్ అంటుంది (అంటే మా సీపీయూ కోటా నిండిందట), కాస్త పెంచుతారా?" అని వస్తున్నాయి.