మూడు పెన్సిల్ సెల్లు, ఒక వాట్ ఎల్‌ఈడీ: ఆరేళ్ళు వాడాక

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను ఉద్దానంలోని మా ఇంట్లోనే ఉన్నాను. కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. ఇన్వర్టర్ మొదటి రాత్రికే ఖాళీ. ఛార్జింగ్ లైటు రెండో రాత్రి ఆరిపోయింది. ఇక మిగిలినవి ఊళ్ళో కొట్టులో దొరికే పెన్సిల్ సెల్లు, నా దగ్గరున్న ఒక వాట్ తెల్ల ఎల్‌ఈడీ. మూడు కొత్త ఆల్కలైన్ సెల్లు వరసగా కలిపి నేరుగా తగిలించాను. గదంతా పట్టపగల్లా అయింది. కాసేపటికి వెలుగు నీలంగా తిరిగి, పూర్తిగా పోయింది. ఆ చీకట్లో అమ్మ ముఖం నాకింకా గుర్తుంది. ఈ దీపం సరిగ్గా చేసి తీరాలనుకున్నది అప్పుడే.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత మల్టీమీటర్ పెట్టి చూస్తే అర్థమైంది. ఒక వాట్ తెల్ల ఎల్‌ఈడీ 350 మిల్లీయాంపుల దగ్గర సుమారు 3.2 వోల్టులు తీసుకుంటుంది. కొత్త ఆల్కలైన్లు మూడు కలిస్తే 4.8 దాకా ఉంటాయి. పాతకాలం ఫిలమెంట్ బల్బు అయితే కొంచెం ఎక్కువ వోల్టేజీని ఓర్చుకుంటుంది. ఎల్‌ఈడీ ఓర్చుకోదు. వోల్టేజీ కాస్త పెరిగితే చాలు, కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. వేడెక్కేకొద్దీ దానికి కావాల్సిన వోల్టేజీ తగ్గుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. దానికి వోల్టులు కొలిచి ఇస్తే సరిపోదు, కరెంటును కట్టడి చేయాలి.

ముందు కరెంటుకి అడ్డు వేసే రెసిస్టరుతో ప్రయత్నించాను. ఆల్కలైన్ సెల్లకి 3.9 ఓమ్‌ల ఒక వాట్ రెసిస్టరు బాగానే పనిచేసింది. కానీ నేను వాడాలనుకున్నవి రీఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు. అవి ఒక్కోటి 1.2 వోల్టులే, మూడు కలిపితే 3.6. అదే రెసిస్టరుతో వెలుగు మూడో వంతుకి పడిపోయింది. సెల్లు మార్చినప్పుడల్లా రెసిస్టరు మార్చడం అమ్మ వల్ల అయ్యే పని కాదు.

చివరికి హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఏఎంసీ 7135 అనే చిన్న చిప్ దొరికింది. టార్చిలైట్లలో బాగా వాడతారు. ఎల్‌ఈడీకి మైనస్ వైపు కలిపితే 350 మిల్లీయాంపులు దాటనివ్వదు. తన కోసం అది అట్టేపెట్టుకునేది వోల్టులో పదో వంతు చిల్లర మాత్రమే. అందుకే 3.6 వోల్టుల బ్యాటరీతో కూడా పూర్తి వెలుగు వస్తుంది. అత్యవసరంలో అదే పెట్టెలో ఆల్కలైన్లు వేసినా ఏ మార్పూ అక్కర్లేదు. 2019లో చేసిన దీపంలో అప్పుడు పెట్టిన ఎల్‌ఈడీయే ఇప్పటికీ వెలుగుతోంది.

వాడకం సంగతి. 1900 మిల్లీయాంప్ అవర్ సామర్థ్యం ఉన్న రీఛార్జి సెల్లు, కొత్తలో ఐదు గంటలు ఒకే వెలుగు, తర్వాత మెల్లగా మసకబారడం. ఈ మసకబారడం నాకు చాలా నచ్చిన గుణం. ఉన్నట్టుండి చీకటి చేయదు, పైగా ఛార్జి పెట్టమని గుర్తుచేస్తుంది. అప్పుడు ఆపేయాలి. అలాగే వదిలేస్తే మూడింటిలో బలహీనమైనది తలకిందులుగా ఛార్జి అయి పాడవుతుంది. ఇప్పుడు నాలుగు గంటలే వస్తోంది, సెల్లు ముసలివయ్యాయి. గోడ గడియారాలకి వాడే చవక జింక్ కార్బన్ సెల్లు మాత్రం వద్దు. ఇంత కరెంటు అవి ఇవ్వలేవు, గంట తిరక్కుండానే మసక.

వేడి గురించి ఎవరూ తేలిగ్గా తీసుకోకండి. ఇచ్చిన విద్యుత్ శక్తిలో ఎక్కువ భాగం వెలుగుగా కాదు, వేడిగానే పోతుంది. ఎల్‌ఈడీ ప్లేటుని పాత అల్యూమినియం గిన్నె మూతకి, వేడిని దాటించే థర్మల్ పేస్ట్ రాసి బిగించాను. స్టీలు మూత ఎంచుకోవద్దు, వేడిని అంత బాగా లాగదు. అరగంట వెలిగాక మూత మీద వేలు పెట్టి ఉంచగలిగితే చాలు.

మూడేళ్ళ కిందట ఒక దెబ్బ తగిలింది. ఒక సెల్లు కనబడక అమ్మ గడియారంలోని ఆల్కలైన్ తీసి మిగతా రెండింటితో కలిపి వేసింది. అప్పటికే సగం అయిపోయినది కదా, అదే ముందు ఖాళీ అయి కారింది. స్ప్రింగు నిండా తెల్లటి పొడి. ఆల్కలైన్ కారేది క్షారం కాబట్టి సెల్లన్నీ తీసేసి, చేతికి తొడుగు వేసుకుని, నిమ్మరసంతో తుడిస్తే పోయింది. అప్పటినుంచి మూడు సెల్లకీ ఒకే రంగు టేపు చుట్టి ఉంచుతున్నాం. ఎప్పుడూ మూడూ కలిసే మారతాయి.

ఇంకోసారి సెల్లు తిరగేసి పెడితే చిప్ కాలింది. కరెంటును ఒక్క వైపే పోనిచ్చే డయోడ్ పెడదామంటే అది తినే వోల్టేజీ మన దగ్గర మిగలదు. ప్లస్ బొడిపె ఉన్న వైపే తగిలేలాంటి సెల్లు పెట్టె మార్చాను. ప్లస్ తీగకి ఒక ఆంపియర్ ఫ్యూజు కూడా వేశాను. ఇవి చిన్న సెల్లే అయినా షార్టయితే తీగ కాలిపోయేంత కరెంటు ఇస్తాయి. అచ్చం పెన్సిల్ సెల్ సైజులోనే 3.7 వోల్టుల లిథియం సెల్లు కూడా అమ్ముతున్నారు. అవి మూడు వేస్తే 11 వోల్టులు దాటుతుంది, ఈ చిప్ తట్టుకునేది 6 వరకే. మా మేనల్లుడు సరిగ్గా అవే తెచ్చాడు. మీద రాసినది చదివాను కాబట్టి ఆపగలిగాను.

లోపాలు ఉన్నాయి. వెలుగు తగ్గించుకునే వీలు లేదు. "కళ్ళల్లో పొడుస్తోందిరా" అని అమ్మ మొదటి రోజే అంది. పాల కవర్ లాంటి తెల్ల ప్లాస్టిక్ డబ్బా బోర్లించాక ఆ ఇబ్బంది పోయింది. ఎల్‌ఈడీని నేరుగా ఎవరినీ చూడనివ్వకండి, పిల్లల్ని అసలే వద్దు.

ఈసారి తుఫాన్ల కాలం రాకముందే మూడు సెల్లూ కొత్తవి వేస్తాను. మిగతా దేన్నీ ముట్టుకోను.