డిగ్రీ అయ్యింది, పని లేదు: డెలివరీనా, ట్యూషన్లా?

పెట్టుబడి: డెలివరీకి బండి, లైసెన్సు, స్మార్ట్‌ఫోన్ కావాలి. ట్యూషన్‌కి చాప, బోర్డు చాలు.

డబ్బు: డెలివరీలో త్వరగా చేతికొస్తుంది. కానీ పెట్రోలు, సర్వీసింగు మన జేబులోంచే. రోజూ రాత్రి ఆ ఖర్చు రాసుకుంటే తప్ప మిగిలిందెంతో తెలీదు. ట్యూషన్ ఫీజు నెలాఖరుకి. అప్పుడూ ఇద్దరు ముగ్గురు "వచ్చే వారం ఇస్తాం సార్" అంటారు. మే నెలలో దాదాపు సున్నా.

రిస్కు: వానలో అమీర్‌పేట రోడ్డు మీద బండి జారితే ఆ వారం సంపాదన పోయినట్టే. ట్యూషన్‌లో గొంతు పోతుంది, అంతే.

సమయం: ట్యూషన్ సాయంత్రమే. పగలు గ్రూప్స్‌కి చదువుకోవచ్చు.

హైదరాబాద్‌లో గది అద్దె తరుముతుంటే డెలివరీయే. ఇంట్లో తిండికి లోటు లేకపోతే ట్యూషన్. లెక్కలు వస్తే మరీ మంచిది. తెలుగు చెప్పేవాళ్లకి, పాపం, ఫీజు రాలడం కష్టం.