వానాకాలంలో గాల్ నుంచి వెలిగమ దాకా: మేం దిగిన గెస్ట్‌హౌస్‌లు

మే నెలలో శ్రీలంక వెళ్తున్నామంటే తెలిసినవాళ్లంతా వద్దన్నారు. దక్షిణ తీరానికి సీజన్ డిసెంబరు నుంచి మార్చి చివరి దాకానే. మే వచ్చేసరికి నైరుతి రుతుపవనాలు దిగుతాయి, సముద్రం రేగిపోతుంది, మిరిస్సలో తిమింగలాలు చూపించే పడవలు దాదాపుగా ఆగిపోతాయి. ఇవన్నీ తెలిసే టికెట్లు తీసుకున్నాం.

మా ఆయన రిటైర్మెంటు దగ్గరపడింది. సముద్రం ఒడ్డున నాలుగు గదుల గెస్ట్‌హౌస్ పెట్టుకుని బతకాలని ఆయనకి చాలా ఏళ్లుగా కోరిక. ఆ దక్షిణ తీరంలోనే గాల్ అనే ఊరి దగ్గర లీజుకి ఒక ఇల్లుందని బ్రోకరు ఫొటోలు పంపడంతో అది కాస్తా పట్టుదల అయింది. ఫొటోలన్నీ జనవరి ఎండలో తీసినవి. అక్కడే కాపురం పెట్టాలనుకునేవాళ్లు ఆ ఊళ్లో వాన ఎలా ఉంటుందో చూడాలని నేను గట్టిగా చెప్పాను. అలా 2024 మేలో పదకొండు రోజుల ప్రయాణానికి బయల్దేరాం. వేరే దేశం నుంచి వచ్చి గెస్ట్‌హౌస్ నడుపుతున్నవాళ్ల దగ్గరే దిగాలి, గదితో పాటు వాళ్ల బతుకూ చూడాలి అనుకున్నాం.

కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి గాల్‌కి రైలు రెండున్నర గంటలు. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, దారి పొడవునా సముద్రం పక్కనే ఉంటుంది. 2004 డిసెంబరు 26న సునామీ ఈ లైను మీదే, పెరాలియ ఊరి దగ్గర, ఒక రైలుని ముంచేసింది. అందులో వెయ్యి మందికి పైగా పోయారు. రైలు ఆ ఊరు దాటుతున్నప్పుడు ఎదురు సీటులో పెద్దావిడ చేతులు జోడించింది. మాకు ఆ ఊరి పేరు చెప్పింది ఆవిడే.

గాల్ కోటలో మేం దిగింది డచ్చివాళ్ల కాలం నాటి ఇల్లు. పోర్చుగీసువాళ్లు 1588లో మొదలుపెట్టిన కోట ఇది. 1640లో డచ్చివాళ్ల చేతికి వచ్చాక వాళ్లు రాతి గోడలు పెంచి పెద్దది చేశారు. 1988 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. సునామీ రోజున ఆ గోడలే లోపలి ఊరిని చాలావరకు కాపాడాయి. కోట బయట ఉన్న క్రికెట్ స్టేడియం మాత్రం నీట మునిగింది. మా ఇంట్లో మూరెడు మందం గోడలు, మధ్యలో ఆకాశం కనిపించే మండువా, నల్లటి చెక్క తలుపులు. వాన పడితే మండువాలో నీళ్లు పడుతున్న చప్పుడు గదిలోకి వినిపించేది. రాత్రికి తొంభై డాలర్లు తీసుకున్నారు. గది శుభ్రంగా ఉంది, పరుపు బాగుంది, పొద్దున టిఫిన్ కూడా బాగుంది. ఇల్లు చూడాలనుకుంటే ఒక రాత్రి ఉండండి, డబ్బు వృథా కాదు.

అయితే మేం చూడాలనుకున్న యజమానులు అక్కడ లేరు. యూరప్ నుంచి వచ్చిన జంట వాళ్లు. ఏప్రిల్‌లో వెళ్లిపోయి నవంబరులో వస్తారట. ఇంటిని నడిపేది ముప్పై ఏళ్ల మేనేజరు. గోడల తడికి పెచ్చులు ఊడినా, కరెంటు పోయినా, అతిథికి జ్వరం వచ్చినా అన్నిటికీ అతనే. మీ ఇల్లెక్కడ బాబూ అని అడిగితే, వాళ్ల అమ్మమ్మ ఇల్లు ఈ వీధిలోనే ఉండేదనీ, అమ్మేశాక బస్సులో ముప్పావుగంట దూరం నుంచి రోజూ వస్తున్నాననీ చెప్పాడు. అతని మాటలో కోపమేమీ లేదు. సాయంత్రం కోట గోడ మీద నడుస్తుంటే అదే గుర్తొచ్చింది నాకు. మేం తీసుకోబోయే ఇంట్లో ఎవరి అమ్మమ్మ ఉండేదో అనుకున్నాను.

మర్నాడు ఉనవటున దాటి తల్పే వైపు వెళ్లాం. ఇక్కడ జరిగినదానికి ఇప్పటికీ బాధగానే ఉంది. కొత్తగా వచ్చి నడుపుతున్న ఒక విదేశీ కుర్రాడి గెస్ట్‌హౌస్ అది. ఆన్‌లైన్ ఫొటోలో సముద్రం కనిపించే గది. మాకిచ్చింది వెనక జనరేటర్ పక్క గది. ఏసీ బయటి డబ్బా ఉప్పుగాలికి తుప్పు పట్టి పనిచేయడం లేదు. దోమతెరకి పెద్ద చిరుగు. దుప్పట్లకి ముక్కిపోయిన వాసన. మూడు రాత్రులకి ముందే కట్టిన డబ్బులో రెండు రాత్రులది వెనక్కి ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. మాట్లాడిస్తే తెలిసింది, అతనిది టూరిస్టు వీసా. దాని మీద వ్యాపారం చేయకూడదు. స్థలం అన్నదమ్ములు ముగ్గురిదైతే లీజు కాగితం మీద సంతకం పెట్టింది ఒక్కడే. మిగతా ఇద్దరూ వారానికోసారి వచ్చి గేటు దగ్గర కూర్చుంటారట. అతని మొహంలో టెన్షన్ చూస్తే డబ్బు కోసం గట్టిగా దెబ్బలాడబుద్ధి కాలేదు నాకు. దెబ్బలాడాల్సింది.

బ్రోకరు చూపిస్తానన్న ఇల్లు అక్కడికి దగ్గరే. చూశాం. అందంగానే ఉంది. శ్రీలంకలో 2014లో వచ్చిన చట్టం ప్రకారం విదేశీయులు భూమి కొనడం కుదరదు. సగం, అంతకన్నా ఎక్కువ వాటా విదేశీయులదైన కంపెనీ కూడా కొనలేదు. లీజు మాత్రం 99 ఏళ్ల దాకా తీసుకోవచ్చు. బ్రోకరు మాత్రం ఇంకో దారి చెప్పాడు. నమ్మకమైన స్థానికుడి పేరు మీద కొనేయండి, ఆయనతో విడిగా కాగితం రాయించుకోండి అని. చట్టం వద్దన్నదాన్ని చాటుగా చేస్తే రేపు ఆ మనిషి మాట మారిస్తే ఏ కోర్టుకి వెళ్తాం? ఈ సలహా ఎవరు చెప్పినా ఆ మనిషితో బేరం అక్కడే ఆపేయండి.

ఆ తీరంలో మాకు ఎదురైన ప్రతి త్రీవీలర్ డ్రైవరూ ఒక సంగతి చెప్పాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఉనవటునలో ఒక పార్టీకి ‘తెల్లవాళ్లకు మాత్రమే’ అని ప్రకటన వేశారు. ఊరంతా మండిపడింది, పార్టీ రద్దయింది. ఆతిథ్యం ఇచ్చే దేశంలో ఆ దేశంవాళ్లనే గేటు బయట నిలబెట్టడం ఎంత తప్పో వాళ్లు చెబుతుంటే మా ఒంటి రంగు కూడా వాళ్లదే కదా, మరీ తగిలింది.

వెలిగమ చేరేసరికి వెసాక్ పున్నమి. బుద్ధుడి పండగ. వెదురు చట్రాలకి రంగు కాగితాలు అంటించిన దీపాలు వీధి వీధికీ వేలాడుతున్నాయి. దారిన పోయేవాళ్లందరికీ ఉచితంగా తిండి, పానీయాలు పంచే పందిళ్లని అక్కడ దన్సల్ అంటారు. మా వ్యాన్‌ని ఆపి మరీ బెలి మల్ ఇచ్చారు. మారేడు పూలు మరగబెట్టిన కషాయం అది, బెల్లంతో. వేడివేడిగా, వానలో, అంత హాయి ఇంకెక్కడా దొరకలేదు. పందిరి వెనక చిన్న పీట మీద కూర్చుని ఒక తెల్లావిడ కప్పులు కడుగుతోంది. మేం దిగబోయే గెస్ట్‌హౌస్ ఆవిడదేనని తర్వాత తెలిసింది.

ఆవిడది జర్మనీ. నర్సు. సునామీ తర్వాత సాయానికి వచ్చి ఆరు నెలలుందామనుకుని ఉండిపోయింది. నాలుగు గదుల పెంకుటిల్లు, పెద్ద పెరడు, నుయ్యి. స్థలం వంటావిడ కుటుంబానిది, లీజు రిజిస్టరైంది. వంటావిడని ఈవిడ ‘అక్కా’ అని పిలుస్తుంది. సింహళంలోనూ అక్క అంటే అక్కే. నేనూ అలాగే పిలిచేసరికి ఇద్దరూ ఆశ్చర్యపోయారు. ఆ సాయంత్రమంతా మాటలు కలుపుకుంటూ కూర్చున్నాం. పప్పుని వాళ్లు పరిప్పు అంటారు, తమ్ముడిని మల్లి అంటారు.

ఇక్కడ గది అద్దె ముప్పై ఐదు డాలర్లు, టిఫిన్‌తో. ఏసీ లేదు, ఫ్యాన్ ఉంది. గోడ మీద ఓ మూల బూజు ఉంది, ఆవిడే చూపించి, అక్టోబరులో సున్నం వేయిస్తామంది. రెండో రాత్రి కుండపోత. అర్ధరాత్రి కరెంటు పోయింది. మా మంచం పక్కనే పైనుంచి చుక్క మొదలైంది. మేం పిలవకముందే ఆవిడ లాంతరుతో, బకెట్‌తో వచ్చి తలుపు తట్టింది. “ఈ పెంకు ఏటా ఇదే చోట జరుగుతుంది, మీరు పడుకునే ఉంటారనుకున్నాను” అంది. మంచం పక్కకి జరిపి, పొడి దుప్పటి ఇచ్చి వెళ్లింది. తెల్లారి ఏడింటికల్లా వంటావిడ తమ్ముడు పైకెక్కి పెంకు సర్దాడు. కారిన గదికి ఆ రాత్రి అద్దె తీసుకోనంది. మేం ఒప్పుకోలేదు.

మర్నాడు ఆవిడ లెక్కల పుస్తకం మా ఆయన ముందు పెట్టింది. డిసెంబరు నుంచి మార్చి దాకా నాలుగు గదులూ నిండుతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అరా. బుకింగ్ సైట్లకి నూటికి పదిహేను పోతుంది. పనిచేసే ఇద్దరికీ ఏడాది పొడుగునా జీతాలు, ఆపైన ప్రావిడెంట్ ఫండ్‌కి యజమాని వాటా 12 శాతం, ఉద్యోగుల ట్రస్ట్ ఫండ్‌కి 3 శాతం. సీజన్ లేదని వాళ్లని మాన్పించదు. పక్క దుప్పట్లు మంచానికి మూడు జతలు ఉండాల్సిందే, ఎందుకంటే వానల్లో ఉతికినవి మూడు రోజులకి గానీ ఆరవు. సముద్రం దగ్గర ఇనుప మేకుల్ని, తలుపుల బందుల్ని రెండు మూడేళ్లకి తుప్పు తినేస్తుంది, అన్నీ ఇత్తడివే వాడాలి. నాలుగు నెలలు సంపాదించినదాంతో పన్నెండు నెలలు బతకాలి.

అంతకన్నా నన్ను కదిలించింది చెడ్డ ఏళ్ల సంగతి. 2018లో శ్రీలంకకి 23 లక్షల మంది టూరిస్టులు వచ్చారు. 2019 ఈస్టర్ రోజు బాంబు దాడులు, ఆ వెంటనే కోవిడ్. 2021లో వచ్చినవాళ్లు రెండు లక్షలు కూడా లేరు. 2022లో డాలర్లు లేక దేశమే ఆగిపోయింది. పెట్రోలు లేదు, గ్యాస్ లేదు, ఒక దశలో రోజుకి పదమూడు గంటల కరెంటు కోత. ఆవిడకి జర్మనీ పాస్‌పోర్టు ఉంది, వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. వంటావిడ పెరట్లో కొబ్బరి డొక్కలతో పొయ్యి వెలిగించేది, రెండు కుటుంబాలూ ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లు. ఒక గది ఊరి టీచరుకి నెల అద్దెకిచ్చారు. జీతాలు సగం చేశారు, ఈవిడ తన ఖర్చు కూడా సగం చేసుకుంది. ఇదంతా ఆవిడ చెప్పలేదు, వంటావిడ కొడుకు చెప్పాడు నాకు, కొబ్బరికాయలు దించుతూ.

వెలిగమ బేలో ఒడ్డుకి దగ్గరగా తాప్రోబేన్ అని చిన్న దీవి ఉంది. నీళ్లు తక్కువుంటే నడిచి వెళ్లొచ్చు. 1920లలో కౌంట్ డి మౌనీ అనే ఫ్రెంచివాడు అక్కడ బంగళా కట్టుకున్నాడు. బయటి నుంచి వచ్చినవాళ్ల కల ఈ తీరంలో కొత్తదేం కాదు. ఒడ్డున నిలబడి మా ఆయన ఆ దీవి వైపు చాలాసేపు చూశారు. ఏం మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

అక్కడి నుంచి కొండల్లోకి, ఎల్లకి. పోలిక కోసం ఈసారి స్థానిక కుటుంబం ఇంట్లో దిగాం. మూడు గదులు, ఇరవై డాలర్లు, పైన పొగమంచు. 1921లో కట్టిన తొమ్మిది వంపుల రైలు వంతెన దాకా నడక. పొద్దున ఇడియాప్పాలు, కొబ్బరి పచ్చడి లాంటి పోల్ సంబోల్, పప్పు. ఈ పర్యటన మొత్తానికి బెస్ట్ టిఫిన్ ఇదే. బుకింగులన్నీ డిగ్రీ చదివే కూతురు ఫోన్‌లో చూసుకుంటుంది. వేడినీళ్లు సరిగ్గా రాలేదు, బాత్రూమ్ గొళ్లెం పడదు, అయినా మళ్లీ అక్కడికే వెళ్తాను. ఆ అమ్మాయి మాకు బస్సు టైములు కాగితం మీద రాసిచ్చింది. ఇలాంటి ఇల్లు నడుపుకునేవాళ్ల పక్కన మనం వెళ్లి దుకాణం తెరిస్తే వాళ్లకి ఒరిగేదేంటి అని మా ఆయనే అన్నారు. తల్పే ఇంట్లో ఆ మాట ఆయన నోట వచ్చేది కాదు.

వెలిగమ వదిలేరోజు పొద్దున ఆ జర్మనీ ఆవిడ ఆయనతో అన్న మాట కూడా పనిచేసిందనుకుంటాను. “ఇల్లు తర్వాత. ముందు ఒక నెల వానలో ఊరికే ఉండండి, అతిథుల్లాగానే. పని చేస్తానంటే నేను ఒప్పుకోను, టూరిస్టు వీసా మీద గిన్నె కడిగినా పనే. నెల తర్వాత కూడా ఇక్కడే ఉండాలనిపిస్తే అప్పుడు లాయరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను.”

ఎల్ల స్టేషన్‌లో రైలు గంటన్నర లేటు. ఆయన ప్లాట్‌ఫామ్ చివరికి వెళ్లి బ్రోకరుకి ఫోన్ చేసి ఇల్లు వద్దని చెప్పారు. తర్వాత వెలిగమకి చేసి, వచ్చే జూన్ మొత్తానికి ఒక గది పెట్టమన్నారు. ఏ గది కావాలని అడిగిందట. పెంకు జరిగే గదే అన్నారు. సరేనంది. వచ్చేటప్పుడు నూలు దుప్పట్లు ఎనిమిది తెమ్మంది, తెల్లవి వద్దట, తెల్లవాటి మీద బూజు మరకలు పోవట.