వేట కాలంలో హైకింగ్: నేషనల్ పార్కా, నేషనల్ ఫారెస్టా?

నవంబరులో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో జింకల మీద తుపాకీ వేట సాగుతుంది. అపలాచియన్ ట్రైల్ అనే పొడవైన కాలిబాట అక్కడ షెనాండోవా నేషనల్ పార్కులోంచీ, జార్జ్ వాషింగ్టన్ నేషనల్ ఫారెస్టులోంచీ పోతుంది.

ఖర్చు: పార్కుకు కారుకు 30 డాలర్లు, 7 రోజులు చెల్లుతుంది. ఫారెస్టులో చాలాచోట్ల ఉచితమే.

ప్రమాదం: పార్కులో వేట నిషేధం. ఫారెస్టులో చట్టబద్ధం, కాబట్టి మెరిసే నారింజ రంగు చొక్కా, టోపీ తప్పనిసరి అనుకోండి. వీపు మీది బ్యాగు చొక్కాను కప్పేస్తుంది, దానిమీదా నారింజ గుడ్డ కట్టాలి. జేబులోంచి తెల్ల రుమాలు వేలాడితే జింక తోకనుకునే ప్రమాదముంది. తెల్లవారుజాము, మునిమాపు వేళల్లో నడవొద్దు. జింకలు తిరిగేదీ, వేటగాళ్లు కాపు కాసేదీ అప్పుడే.

గొడవ: జింకను కాపాడాలని కావాలనే అరిచి బెదరగొడితే 50 రాష్ట్రాల్లోనూ నేరమే. మామూలుగా మాట్లాడుకుంటూ నడవడం మాత్రం మంచిది.

పిల్లలతో వెళ్లేవారికీ, వేట చూసి తట్టుకోలేనివారికీ పార్కే. మధ్యాహ్నపు నడకకు, జనం తక్కువుండాలంటే ఫారెస్టు.